సెలవుల్లో మూతపడని బడి

కెన్యా నైరుతి మూలన, టాంజానియా సరిహద్దుకు దగ్గర్లో ఎనూసైన్ అని ఒక మసాయి పల్లె ఉంది. 2002 జూన్‌లో నైరోబీలోని అమెరికా రాయబార కార్యాలయం నుంచి ఒక ఉన్నతాధికారి పనిగట్టుకుని ఆ ఊరు వెళ్లారు. దానం పుచ్చుకోవడానికి వెళ్లారు. న్యూయార్క్‌లో జంట భవనాలు కూలిన రోజు ఆ నగరంలోనే ఉన్న ఈ ఊరి విద్యార్థి కిమెలి నైయోమా ఇంటికొచ్చి చూసింది చూసినట్టు చెప్తే, విన్న పెద్దలు ఊరుకోలేకపోయారు. 14 ఆవులను అమెరికాకు దానంగా ఇచ్చేశారు. ఆవును మించిన ఆస్తి మసాయిలకు లేదు. వాటిని సముద్రం దాటించడం కుదరలేదు గనక ఎనూసైన్‌లోనే ఉంచి, ఆ ఊరివాళ్లే మేపారు. మంద పెరిగింది. కొన్నేళ్ల తర్వాత అమెరికా రాయబారి వచ్చి, అదే ఊళ్లో 14 మంది పిల్లల చదువుకు సాయం ప్రకటించారు.

మసాయి పిల్లలకు సాయం గురించి ఎవరు మాట్లాడినా ముందు ఈ సంగతి తలుచుకోవడం మంచిది. కెన్యా 2019 జనగణన లెక్కన ఆ దేశంలో మసాయిలు దాదాపు 12 లక్షల మంది. సరిహద్దుకు అవతల టాంజానియాలోనూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1904లో, 1911లో బ్రిటిష్‌వాళ్లు రాయించుకున్న ఒప్పందాలతో మంచి గడ్డి నేలలు వారి చేయి దాటిపోయాయి. మిగిలిన నేలలో కొంత అభయారణ్యాల కిందికి పోయింది. అన్నీ పోగొట్టుకున్నా పెట్టే చెయ్యి ముడుచుకోని జనం వాళ్లు. వాళ్ల ఊళ్లోకి చాక్లెట్ పొట్లాలతో దిగి, పిల్లల్ని వరసలో నిలబెట్టి ఫొటోలు తీసుకునేవాళ్లు ఈ చరిత్రను ఒక్క నిమిషం గుర్తుచేసుకున్నా చాలు.

ఎనూసైన్‌కే చెందిన మరో మనిషి కథ ఇంకా లోతైనది. కకేన్యా న్తాయా ఎనిమిది మంది పిల్లల్లో పెద్దది. ఐదేళ్లకే పెళ్లి కుదిర్చేశారు. అక్కడి ఆచారం ప్రకారం పెళ్లీడు వచ్చిందని చెప్పడానికి ఆడపిల్లకు జననాంగాల కోత పెడతారు. ఆ తర్వాత బడి ఉండదు, అత్తవారిల్లే. కకేన్యా తండ్రితో బేరం పెట్టుకుంది: కోతకు ఒప్పుకుంటాను, నా చదువు ఆపకూడదు. తండ్రి మాట నిలబెట్టుకున్నాడు. ఆ పిల్ల హైస్కూలు పూర్తిచేసి, అమెరికాలోని వర్జీనియాలో కాలేజీ సీటు తెచ్చుకుంటే, దారి ఖర్చులకు ఊరంతా చందాలు వేసుకుంది. తిరిగొచ్చి ఊరికి పనికొస్తానని ఆమె పెద్దలకు మాటిచ్చి వెళ్లింది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి, అన్నట్టే వచ్చింది. 2009లో 30 మంది ఆడపిల్లలతో బడి తెరిచింది. ఆ బడిలో చేరాలంటే తల్లిదండ్రులు ఒక షరతుకు ఒప్పుకోవాలి: బిడ్డకు కోత పెట్టించం, చదువు అయ్యేదాకా పెళ్లి చేయం.

ఈ షరతు బడి రోజులతో ఆగదు, అసలు కిటుకు అక్కడే ఉంది. ప్రమాదం వచ్చే వేళ కకేన్యాకు సొంత అనుభవంతో తెలుసు. బడి నడుస్తున్న రోజుల్లో పిల్ల క్షేమంగానే ఉంటుంది. ఆగస్టు సెలవులు, డిసెంబర్ సెలవులు రాగానే గండం మొదలవుతుంది. ఇంటిపట్టున దొరుకుతుంది, కోత గాయం మానడానికి వ్యవధి ఉంటుంది, చుట్టాలు కలుస్తారు. బడి తెరిచేనాటికి బెంచీ మీద ఒక పిల్ల తగ్గుతుంది. మసాయి పల్లెల్లో పనిచేసే టీచర్లు, ఆశ్రయ గృహాల వాళ్లు క్యాలెండర్‌లో ఈ రెండు నెలలనే బిక్కుబిక్కుమంటూ చూస్తారు. దూరం నుంచి సాయం పంపేవాళ్ల క్యాలెండర్ వేరు. వాళ్లు వాళ్ల తీరిక చూసుకుని వస్తారు, వాళ్ల ఆర్థిక సంవత్సరం చివర్లో డబ్బు పంపుతారు. ఈ రెండు క్యాలెండర్లు కలవకపోతే ఎంత మంచి మనసుతో ఇచ్చిందైనా ఆ పిల్లను కాపాడలేదు.

పిల్లల ఏడాది అక్కడ వానను బట్టి నడుస్తుంది. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చిన్న వానలు. వానలుంటే గడ్డి, గడ్డి ఉంటే పాలు, పాలుంటే పిల్లల కడుపు నిండుతుంది. ఐదారేళ్ల మగపిల్లవాడు ఇంటి దగ్గర దూడల్ని, మేకపిల్లల్ని కాస్తాడు. కాస్త ఎదిగితే మేకల మందతో దూరం వెళ్తాడు. ఆడపిల్ల వీపున జెర్రీక్యాన్ కట్టుకుని నీళ్లకు పోతుంది, ఎండుపుల్లల మోపు మోసుకొస్తుంది, చంటి తమ్ముణ్ని ఎత్తుకుంటుంది. ఎండలు ముదిరితే మగవాళ్లు మందలను తోలుకుని పచ్చిక ఉన్నచోటికి పోతారు. పిల్లలు వెంట వెళ్తే బడి పోయినట్టే, ఇంటి దగ్గరుంటే పాలు ఉండవు. 2020 చివరి నుంచి వరసగా ఐదు వానాకాలాలు ముఖం చాటేసినప్పుడు కెన్యా మెట్ట జిల్లాల్లో 25 లక్షలకు పైగా పశువులు చచ్చిపోయాయి. మందలో సగం పోయిన ఇంట్లో, కూతురి కన్యాశుల్కంగా వచ్చే ఆవులు తండ్రి కళ్లకు ఎలా కనిపిస్తాయో ఊహించడం కష్టం కాదు. కరువు వచ్చిన ఏడాది బాల్యవివాహాలు పెరుగుతాయని అక్కడ పనిచేసేవాళ్లు మొత్తుకునేది ఇందుకే.

కాబట్టి కరువునాడు బడిలో పొయ్యి వెలగడం పుస్తకాలకంటే ముందు. పొద్దున పది గంటలకు ఒక కప్పు ఉజి, అంటే మొక్కజొన్న పిండి జావ, మధ్యాహ్నం మొక్కజొన్న గింజలతో కలిపి ఉడికించిన చిక్కుడు గింజలు. ఇంట్లో పాలు లేనినాడు తల్లి ఆ కప్పు కోసమైనా పిల్లను బడికి పంపుతుంది. కెన్యాలో ప్రపంచ ఆహార కార్యక్రమం చాలా ఏళ్లు నడిపిన బడి భోజనాన్ని 2018లో ప్రభుత్వం పూర్తిగా తన చేతికి తీసుకుంది. సరుకు ఆలస్యమైతే మారుమూల బళ్లకు మొదట దెబ్బ. అలాంటి నెలలో రెండు బస్తాల మొక్కజొన్న పంపిన స్థానిక చర్చి, మహిళా సంఘం చేసిన మేలు పత్రికలకెక్కదు. ఈ కాలమ్ దృష్టిలో గొప్ప సాయం అదే.

ఇక చట్టం ఉంది. కెన్యా 2011లో జననాంగాల కోతను పూర్తిగా నిషేధించింది. దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో కోతకు గురైనవాళ్లు 2014 సర్వేలో 21 శాతం, 2022 సర్వేలో 15 శాతం. తగ్గింది, సంతోషం. కానీ అదే 2014లో మసాయి ఆడవాళ్ల అంకె చూస్తే 78 శాతం. పోలీసు జీపు వచ్చిన ఊళ్లో కోత ఆగదు, అర్ధరాత్రికి మారుతుంది, ఇంకా చిన్న వయసు పిల్లకు మారుతుంది.

ఆగ్నెస్ పరేయో ఈ సంగతి చాలామందికంటే ముందే గ్రహించారు. నరోక్ జిల్లాలో ఆమె ఊరూరా కాలినడకన తిరిగేవారు. చేతిలో చెక్కతో చేసిన ఆడశరీరం నమూనా. కోత ఏ భాగాన్ని తీసేస్తుందో, కాన్పు వేళ ఆ మచ్చ ఎందుకు చిరుగుతుందో ఆ నమూనాలోని భాగాలు తీసి, మార్చి చూపించేవారు. తల్లులు అప్పటిదాకా తమ శరీరాన్ని గురించి పైకి అనని మాటలు ఆ చెక్కబొమ్మ ముందు కూర్చుని అన్నారు. 2002లో నరోక్ పట్టణంలో ఆమె ఆశ్రయ గృహం తెరిచారు. కోతను, పెళ్లిని తప్పించుకుని పారిపోయి వచ్చిన పిల్లలకు అక్కడ పడక, తిండి, బడి దొరికాయి. తలుపు తెరవడం ఆ పనిలో తేలికైన భాగం. పిల్లను మళ్లీ తండ్రి ఎదుట కూర్చోబెట్టి, ఇద్దరూ మాట్లాడుకునేలా చేయడం కష్టమైన భాగం. తండ్రి దీవెన లేని పిల్ల మసాయి లోకంలో బతికినన్నాళ్లూ వెలితితోనే ఉంటుంది. కొన్ని ఇళ్లలో రాజీకి ఏళ్లు పడుతుంది. పరేయో 2022లో నరోక్ నార్త్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు.

కిలిమంజారో కొండకు ఉత్తరాన, కిమానా ప్రాంతపు నైస్ నైలాన్‌తేయి లెంగెటె మరో దారి పట్టింది. తల్లీతండ్రీ లేని పిల్ల. ఎనిమిదేళ్లప్పుడు కోతకు ముస్తాబు చేస్తుంటే పారిపోయి చెట్టెక్కి దాక్కుంది. చివరికి తాత ఆమె పక్షాన నిలిచాడు. పెద్దయ్యాక ఆమ్రెఫ్ అనే ఆరోగ్య సంస్థలో చేరి, ఊరి పెద్దల దగ్గరికే వెళ్లింది. మగపెద్దల సభలో ఆడది నోరు విప్పే ఆనవాయితీ లేదు. ఆమె తొందరపడలేదు. ముందు మొరాన్ల అంటే యువయోధుల గుంపుతో మాట్లాడటానికి అనుమతి అడిగింది. మొదట వినడానికి ముగ్గురో నలుగురో కూర్చున్నారు, తర్వాత గుంపు పెరిగింది. వాళ్లే తమ తండ్రులతో మాట్లాడారు. ఆ మాట పెద్దల మండలి దాకా పోయింది. 2014లో ఆ మండలి కోత వద్దని తీర్మానించింది. పెద్దరికానికి గుర్తుగా మగవాళ్లకు మాత్రమే ఇచ్చే నల్ల కర్రను ఆమె చేతిలో పెట్టారు. కోత తీసేసి, మిగతా వేడుకనంతా ఉంచి, పాటలు, పూసల హారాలు, పెద్దల ఆశీర్వాదం, మూడు రోజుల శిక్షణతో ఆడపిల్లను పెద్దమనిషిని చేసే కొత్త పద్ధతి ఆమ్రెఫ్ నడిపింది. వేల మంది అమ్మాయిలు ఆ దారిన దాటారు. 2018లో టైమ్ పత్రిక ప్రపంచంలో ప్రభావశీలురైన 100 మందిలో ఆమె పేరు చేర్చింది.

పిల్లల ఆరోగ్యం దగ్గరా ఇలా ఊరితో కలిసి ఓపికగా చేసే పనే ఫలిస్తుంది. మసాయి పిల్లల ఫొటోల్లో కళ్ల మీద వాలిన ఈగలు చూసి జాలిపడతాం. ఆ ఈగలే ట్రకోమా అనే కంటి జబ్బును మోస్తాయి. చిన్నప్పుడు పదేపదే సోకితే రెప్ప లోపల మచ్చకట్టి, పెద్దయ్యాక వెంట్రుకలు లోపలికి మళ్లి నల్లగుడ్డును గీకుతాయి, చూపు పోతుంది. చంటిపిల్లల్ని ఎత్తుకునే ఆడవాళ్లకే ఇది ఎక్కువ. పేడ వల్లే ఈగలని బయటివాళ్లు ఆవుల్ని తిడతారు. ఈ జాతి ఈగ ప్రధానంగా ఆరుబయట వదిలిన మనుషుల మలంలో పెరుగుతుంది. ఊరికి మందు పంచే రోజున ఆరోగ్య కార్యకర్త గీతలు గీసిన పొడవాటి కర్రతో వస్తారు. తూకం యంత్రం మోసుకెళ్లే పని లేకుండా, పిల్లను కర్ర పక్కన నిలబెట్టి ఎత్తును బట్టి అజిత్రోమైసిన్ మోతాదు తేలుస్తారు. పసివాళ్లకు సిరప్, ఆరు నెలల్లోపు బిడ్డకు కంట్లో టెట్రాసైక్లిన్ లేపనం. మందు ఒక రోజు పని. ముఖం కడగడం రోజూ పని. అందుకని బడి మరుగుదొడ్డి పక్కన రెండు కర్రలు పాతి, ఐదు లీటర్ల ప్లాస్టిక్ క్యాన్ వేలాడదీసి, మూతికి తాడు కట్టి కింద పుల్లతో తొక్కేలా అమరుస్తారు. తొక్కితే క్యాన్ వంగి సన్నని ధార పడుతుంది. నీళ్లు మైళ్ల నుంచి మోసుకొచ్చే చోట రెండు దోసిళ్లతో ఒక ముఖం శుభ్రపడుతుంది. భారత్‌లో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా ఇక లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది. సాధ్యమయ్యే పనే ఇది.

తెలుగు పాఠకుడు ఉలిక్కిపడే ముచ్చట ఇంకొకటి. అగ్నిపర్వతాల రాతి వల్ల మసాయిలుండే రిఫ్ట్ లోయ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్లల పళ్లు గోధుమరంగు గారపడతాయి, మరీ ఎక్కువైతే కాళ్లు వంకర్లు పోతాయి. టాంజానియాలోని ఆరుషా దగ్గర న్గుర్‌దోతోలో ఈ నీటిని శుద్ధిచేసే పరిశోధన కేంద్రం పెట్టారు. అక్కడ పరీక్షించి, బకెట్లతో ఇళ్లలో చేసుకునేలా మలచిన విధానం పేరు నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే ఈ పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు. మన ఊరి నొప్పి పేరు అంత దూరం వెళ్లింది. అయితే రోజూ కొలత ప్రకారం పటిక వేసేవాళ్లు, అడుగున దిగిన మడ్డి తీసేవాళ్లు లేనిచోట ఆ పరికరాలు మూలపడ్డాయి. నల్లగొండలోనూ అంతే జరిగింది, కృష్ణా నీళ్లు గొట్టాల్లో వచ్చాకే ఊపిరి పీల్చుకున్నారు. యంత్రం ఇచ్చి వెళ్లిపోయే సాయం ఎంతవరకు నిలుస్తుందో నల్లగొండకు ఒకరు చెప్పక్కర్లేదు.

అనాథాశ్రమాల విషయంలో మాత్రం కాస్త కటువుగానే చెప్పాలి. తల్లిదండ్రులు పోయిన మసాయి బిడ్డకు వంశం ఉంటుంది, పెదనాన్న, బాబాయి ఇళ్లుంటాయి, తలవంచి నిలబడితే నెత్తిన చెయ్యి పెట్టే పెద్దలుంటారు. ఆ బిడ్డను ఊరికి దూరంగా భవనంలో పెట్టి, వచ్చిన అతిథులకు పాట పాడించే సంస్థకు డబ్బు పంపడం సాయం కిందికి రాదు. కెన్యా ప్రభుత్వం 2017లో కొత్త పిల్లల ఆశ్రమాల నమోదు ఆపేసింది. పిల్లలు కుటుంబాల్లో పెరగాలన్నది 2022లో మొదలైన పదేళ్ల జాతీయ ప్రణాళిక లక్ష్యం. అత్తగారింటికి పంపేస్తారన్న భయంతో పారిపోయి వచ్చిన పిల్లకు ఆశ్రయం వేరు, ఉన్న కుటుంబం నుంచి తీసి అనాథను చేయడం వేరు.

జులై నుంచి అక్టోబర్ దాకా మసాయి మారాలో జంతువుల వలస చూడటానికి హైదరాబాద్ నుంచీ కుటుంబాలు వెళ్తున్నాయి. మన్యట్టాలు అనే మసాయి గుడిసెల వాడలు చూస్తారు, పిల్లల్ని చూసి మనసు కరుగుతుంది, ఏదో ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వండి. పిల్లల చేతుల్లో చాక్లెట్లు పెట్టకండి, దగ్గర్లో పళ్ల డాక్టరు లేడు. ఆ ఊరి బడి పేరు కనుక్కుని, పంతులుగారిని కలిసి ఈ టర్ములో జావకు మొక్కజొన్న పిండి ఉందా అని అడగండి. అమెరికా నుంచో నైరోబీ నుంచో ఏదైనా సంస్థకు నెలనెలా డబ్బు పంపే తెలుగువాళ్లుంటే, ఈసారి ఆ సంస్థకు ఒక్క ప్రశ్న రాయండి: డిసెంబర్ సెలవుల్లో మీ బడి పిల్లలు ఎక్కడుంటారు, వాళ్లతో ఎవరుంటారు? సూటిగా జవాబు చెప్పగలిగిన సంస్థకు, సెలవుల్లో పిల్లల్ని బడిలోనే ఉంచి నడిపే శిబిరం ఖర్చు నవంబర్ నెల లోపలే చేరేలా పంపండి.