మినమాత చేప ఎవరి పుస్తకంలో ఉంది?

మినమాత విషాదం మీద వచ్చిన పుస్తకాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి ఇషిమురె మిచికో 1969లో జపనీస్‌లో వెలువరించిన ‘కుగై జోదో’. రెండోది అమెరికన్ ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్, ఆయన భార్య ఐలీన్ కలిసి 1975లో తెచ్చిన ‘మినమాత’. రెండింటిలోనూ ముద్దాయి ఒకరే. జపాన్‌లో క్యూషూ దీవిలోని మినమాత అనే ఊళ్లో చిస్సో కంపెనీ 1932 నుంచి 1968 దాకా ఎసిటాల్డిహైడ్ తయారుచేసింది. అందులో పుట్టిన మిథైల్ పాదరసాన్ని మురుగునీటితో పాటు సముద్రంలోకి వదిలింది. ఆ సముద్రపు చేపలు తిన్న మనుషులకు వచ్చిన జబ్బు 1956 మే నెలలో లెక్కలకెక్కింది. అంతకు ముందే అక్కడ చేపలు వెల్లకిలా తేలాయి, పిల్లులు గింగిరాలు తిరిగి చచ్చాయి.

స్మిత్ పుస్తకం చూసినవాళ్లకు మొదట గుర్తొచ్చేది స్నానపు తొట్టిలో వంకర్లు పోయిన కూతురిని ఎత్తుకున్న తల్లి ఫొటో. 1972లో ‘లైఫ్’ పత్రికలో వచ్చిన ఆ ఒక్క ఫొటో ప్రపంచాన్ని కదిలించింది. ఆ బొమ్మల కోసం స్మిత్ చిస్సో మనుషుల చేతిలో దెబ్బలు కూడా తిన్నాడు. ఆయన నిజాయితీని శంకించలేం. కానీ ఆ పుస్తకంలో చేప నేపథ్యంగానే మిగిలిపోయింది. మనిషి ఒంటి మీద పడిన దెబ్బ కళ్లకు కడుతుంది. ఆ దెబ్బ ఏ దారిన వచ్చిందో చెప్పడానికి ఫొటో కింద నాలుగు వాక్యాలు అవసరమవుతాయి.

ఇది కెమెరాకున్న పరిమితి. రాగి, కాడ్మియం ఎక్కువైతే చేప మొప్పలు దెబ్బతింటాయి, ఊపిరాడక చస్తుంది, అది కంటికి కనబడుతుంది. మిథైల్ పాదరసం పని వేరు. అది నీటిలోని సూక్ష్మజీవుల నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు చేరుతూ, నీళ్లలో ఉన్నదానికి లక్షల రెట్లు చిక్కబడుతుంది. కండలోని ప్రొటీన్లకు అతుక్కుంటుంది. కడిగినా పోదు, ఉడికించినా పోదు. మెదడుకెక్కి చేప ఈత తీరునీ, శత్రువు నుంచి తప్పించుకునే నేర్పునీ, గుడ్లు పెట్టే శక్తినీ దెబ్బతీస్తుంది. అయినా ఆ చేప వలలో మిలమిలా మెరుస్తూనే ఉంటుంది. ఆ మెరుపును ఎంత గొప్పగా ఫొటో తీసినా విషం అందులో పడదు.

ఇషిమురె గెలిచింది ఇక్కడే. ఆమె పుస్తకంలో ఒక ముసలి జాలరి పడవ మీదే అన్నం వండుకుని, అప్పుడే పట్టిన చేపను కోసుకుని తినడం గురించి చెబుతాడు. చేపను ఆకాశం ఊరికే ఇచ్చిన వరం అనుకునే మనిషి ఆయన. జబ్బుపడిన ఒక జాలరి భార్య తన కుండల్లో పట్టుబడిన ఆక్టోపస్‌లను పిల్లల్లా ముద్దుచేసిన రోజులు తలచుకుంటుంది. ఈ రుచి, ఈ చనువు చదివాకే అసలు ప్రశ్నకు జవాబు దొరుకుతుంది: అనుమానం వచ్చాక కూడా వాళ్లు చేప ఎందుకు మానలేదు? పేదరికం ఒక కారణం, నిజమే. అంతకన్నా, ఆ సముద్రాన్ని అనుమానించడం వాళ్లకు చేతకాలేదు.

ఇషిమురె విన్నది విన్నట్టు రాయలేదన్న ఆక్షేపణ ఉంది. జాలరుల గొంతుల్లో చాలా భాగం ఆమె కల్పనే. పక్కనే డాక్టర్ల నివేదికలు పొడిపొడిగా పెట్టింది కాబట్టి కల్పనకూ రుజువుకూ తేడా పాఠకుడికి తెలుస్తూనే ఉంటుంది. నాకిది లోపంగా తోచలేదు. చిస్సో మీద బాధితుల కోర్టు పోరాటం, 1973 తీర్పు, కంపెనీ పెద్దలతో ముఖాముఖి బేరాలు, వీటి కోసమైతే స్మిత్ దగ్గరికే వెళ్లాలి. అవి ఇషిమురె 1969 పుస్తకం తర్వాతి సంగతులు.

  

రెండు పుస్తకాలూ వచ్చాక కూడా కథ ముగియలేదు. విషపు చేప బయటికి పోకుండా 1974లో మినమాత అఖాతానికి అడ్డంగా వల కట్టారు. దాన్ని తీసింది 1997లో. ఇషిమురె పుస్తకం లివియా మానె ఇంగ్లీషు అనువాదంలో దొరుకుతుంది. ముందు అది చదవండి, స్మిత్ ఫొటోలు తర్వాత చూడండి. వరస తారుమారైతే జాలి మిగులుతుంది గాని సముద్రం అర్థం కాదు.