తైలవర్ణ రూపచిత్రం: పద్ధతిపై ఒక విమర్శ

5.4 చూసి నేర్చిన విద్య

రాజా రవివర్మ (1848-1906) తైలవర్ణ చిత్రకళను ఏ కళాశాలలోనూ చదువుకోలేదు. తిరువనంతపురం ఆస్థానానికి వచ్చిన థియొడోర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు నేర్పడానికి ఒప్పుకోలేదు. తాను పనిచేస్తుండగా చూడటానికి మాత్రం అనుమతించాడు. ఆ చూడటమే రవివర్మకు శిక్షణ అయింది.

దీనికి కారణం ఉంది. సంప్రదాయ రూపచిత్రంలో రంగులు ఒక క్రమంలో పడతాయి. ముందు గోధుమరంగుతో పలుచగా నీడల అమరిక, అది ఆరాక ఒంటిఛాయలు, చివర మెరుపులు. కింది పొరకన్నా పై పొరలో అవిసెనూనె ఎక్కువుండాలి. లేకుంటే పై పొర ముందే ఆరి బీటలు వారుతుంది. పూర్తయిన బొమ్మలో ఈ క్రమం కనిపించదు.

5.5 లోపం ఎక్కడ?

అయితే ఈ సంప్రదాయాన్ని యథాతథంగా స్వీకరించలేం. అది ఐరోపాలో, తెల్లని చర్మాన్ని చూసి రూపొందింది. రవివర్మ పౌరాణిక నాయికల్లో చాలామంది పసిమిఛాయలోనే ఉంటారు. 1894లో ఆయన నెలకొల్పిన ముద్రణాలయం ద్వారా ఆ ముఖాలు ఇంటింటి గోడకూ చేరాయి. అందానికి అదే కొలత అయింది.

నాచారంలో ఒక అద్దెగదిలో తన తల్లి బొమ్మ వేస్తున్న విద్యార్థిని ఊహించండి. 'ఫ్లెష్ టింట్' అని రాసి ఉన్న ట్యూబు కొంటాడు. అది లేత గులాబీ. అందులో నలుపు కలిపితే చామనఛాయ రాదు, బూడిదరంగు వస్తుంది. తెల్లగానే వదిలేస్తే ఆమె తన తల్లి కాదు. బర్న్‌ట్ సియెన్నా, ఎల్లో ఆకర్, అల్ట్రామెరీన్‌లతో మొదలుపెడితే ఆ ఛాయ దొరుకుతుంది. కిటికీ వెలుగులో నల్లని చెంపమీది మెరుపు తరచు నీలివైపు మొగ్గుతుంది. నీడ ఎర్రగోధుమలో వెచ్చగా ఉంటుంది. ఫోనులో తీసిన ఫొటో ఈ తేడాను చాలాసార్లు చెరిపేస్తుంది. కనుక ట్యూబ్‌లైటు ఆర్పి, ఒక్క కిటికీ వెలుగులో మనిషిని ఎదుట కూర్చోబెట్టుకోవాలి.

5.6 ముగింపు

ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగితే సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. శుక్రవారం సెలవు. అక్కడి రూపచిత్రాల్లో చెంప అంచు నీడలోకి ఎలా కలిసిపోతుందో గమనించండి. పొరల క్రమాన్ని ఐరోపా నుంచి తీసుకోవచ్చు. ఛాయను మాత్రం ఎదుట కూర్చున్న మనిషి నుంచే తీసుకోవాలి. పోలిక కుదిరినా ఛాయను మార్చిన చిత్రం సగం అబద్ధమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై పొరలో నూనె ఎక్కువ ఎందుకుండాలి?
2. మీ ఇంట్లోని ఒక పటంలో ఒంటిఛాయను విమర్శనాత్మకంగా పరిశీలించండి.