రాజుల వరుస, జనం బతుకు: రెండు ఆంధ్ర చరిత్రలు నేర్పే పాఠం

తెలుగువాళ్ల గతాన్ని తెలుగులోనే చెప్పిన పుస్తకాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒకటి చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’. దాని మొదటి భాగం 1910లో విజ్ఞాన చంద్రికా గ్రంథమాలలో వెలువడింది. రెండోది సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. అది 1949లో వచ్చింది. ఎవరు ఎప్పుడు ఎక్కడ ఏలారో తేల్చడానికి మొదటిది పూనుకుంది. ఆ ఏలుబడుల్లో జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఎవరికి మొక్కారు, ఎంత పన్ను చెల్లించారు అని రెండోది అడిగింది. ఈ రెంటినీ పోల్చినప్పుడల్లా ఒక తేలిక తీర్పు వినిపిస్తూ ఉంటుంది. వీరభద్రరావుది రాజుల చరిత్ర, ప్రతాపరెడ్డిది ప్రజల చరిత్ర, కనక రెండోదే గొప్పదని. ఈ తీర్పులో నిజం సగమే. బడిలో చరిత్ర ఎలా చెప్పాలన్న ప్రశ్నకు ఆ సగం కూడా సరైన జవాబివ్వదు.

రెండు పుస్తకాలూ పుట్టిన సందర్భాలు చూద్దాం. కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. చరిత్ర, శాస్త్రాలు తెలుగులో చదివే జనాన్ని తయారుచేయడం వారి సంకల్పం. అప్పటికి తెలుగువాళ్లు కొందరు మద్రాసు ప్రెసిడెన్సీలో, కొందరు నిజాం రాజ్యంలో ఉన్నారు. వీరభద్రరావు మొదటి భాగం వచ్చిన మూడేళ్లకు, 1913లో, బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. ‘మాకూ ఒక చరిత్ర ఉంది’ అని నిలబడి చెప్పాల్సిన వేళ అది. వీరభద్రరావు పుస్తకం ఆ అవసరాన్ని తీర్చింది. తెలుగు పాఠకుడికి శాతవాహనుల నుంచి వరుసగా ఒక కాలక్రమం దొరికింది.

ప్రతాపరెడ్డిని కలం పట్టించిన అవసరం కూడా అలాంటిదే. 1926లో గోలకొండ పత్రిక పెట్టి నడిపిన సంపాదకుడాయన. 1930లో జోగిపేటలో జరిగిన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి బదులిచ్చాడు. పదిహేనేళ్ల తర్వాత, నిజాం పాలన కూలిన మరుసటి ఏడాది, ఆయన సాంఘిక చరిత్ర అచ్చయింది. 1955లో సాహిత్య అకాడెమీ తెలుగుకిచ్చిన తొలి పురస్కారం ఆ పుస్తకానికే దక్కింది. అప్పటికే ఆయన కన్నుమూసి రెండేళ్లయింది.

ఇద్దరూ ఆత్మగౌరవం కోసమే చరిత్రను తవ్వారు. తేడా తవ్విన చోట ఉంది. వీరభద్రరావుకు ముడిసరుకు శాసనాలు, పురాణాల్లోని రాజవంశాల పట్టికలు, విదేశీయుల రాతలు. హుల్ష్ వంటి శాసన పండితులు అచ్చు వేయించిన పాఠాలు అప్పటికి కొద్దికాలంగానే అందుబాటులోకి వచ్చాయి. వాటిని ఇంగ్లీషు సంపుటాల్లోంచి తీసి, పురాణం చెప్పేదానితో సరిచూసి, తెలుగు పాఠకుడి ముందు పెట్టడం ఆ రోజుల్లో చిన్న పని కాదు. ప్రతాపరెడ్డి ఎక్కువగా కావ్యాల మీద ఆధారపడ్డాడు. పాల్కురికి సోమనాథుడి ‘పండితారాధ్య చరిత్ర’, ‘క్రీడాభిరామం’, శ్రీనాథుడి ‘హరవిలాసం’, ‘ఆముక్తమాల్యద’, ‘హంసవింశతి’ ఆయన చేతిలో సాక్షులయ్యాయి. పండితులు అలంకారాలు వెతుక్కున్న పద్యాల్లో ఆయన కూరలు, నగలు, నాణేలు, జూదాలు, శిక్షలు ఏరుకున్నాడు. ‘ఒక ఆట’, ‘ఒక తినుబండారం’ అని నిఘంటువులు దాటవేసిన మాటలకు వాడుకలో అర్థం ఏమిటని వెతికాడు.

రెండు పద్ధతుల బలం ఒకే ఊరి మీద పరీక్షిస్తే బాగా తెలుస్తుంది. చీరాల దగ్గర తీరంలో మోటుపల్లి ఉంది. కాకతి గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు. తుఫానుకు ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా పాత రాజులు లాగేసుకునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకమే తీసుకుంటానని అందులో మాట ఇచ్చాడు. కర్పూరం, చీనీ కర్పూరం, ముత్యాలు, దంతం, పన్నీరు, పట్టునూలు, పగడాలు, మిరియాలు వంటి సరుకుల మీద సుంకాలు పేర్కొన్నాడు. వీరభద్రరావు తరహాలో చదివేవాడు ఈ రాతిలో గణపతిదేవుడి కాలాన్ని, తీరం మీద అతని అధికారాన్ని, వంశవృక్షాన్ని చూస్తాడు. ప్రతాపరెడ్డి తరహాలో చదివేవాడి కన్ను సుంకాల పట్టిక మీద పడుతుంది. ఏ సరుకు వచ్చింది, ఎవరు కొన్నారు, ఏ ఇంట్లో వాడారు? అతడు అక్కణ్నుంచి హరవిలాసానికి వెళ్తాడు. ఆ కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ్యసెట్టి రేవుల వ్యాపారి. అతను తెప్పించిన సింహళపు ఏనుగులను, హురుమంజి గుర్రాలను, చీనా పట్టును శ్రీనాథుడు పద్యంలో లెక్కపెట్టాడు. రాయి చెప్పినదాన్ని పద్యం మరో తరంలో బలపరుస్తుంది. ఈ సరిచూపు దొరికేది రెండు పద్ధతులూ కలిసినప్పుడే.

మోటుపల్లి రాయిలో మరో చిక్కుముడి ఉంది. అది కాకతీయులను సూర్యవంశంతో కలుపుతుంది. వారి సామంతులు వేయించిన కొన్ని శాసనాలు మాత్రం వారిని నాలుగో వర్ణంవారంటాయి. ఏది నిజం అని పిల్లవాడు అడిగితే గురువు సంబరపడాలి. దూరదేశపు వర్తకులు వచ్చే రేవులో నిలబెట్టిన శాసనంలో రాజు తన వంశాన్ని ఎందుకు పెంచి చెప్పుకున్నాడు? ఊళ్లో అందరికీ తెలిసిన విషయాన్ని సామంతుడు దాచాల్సిన పని ఎందుకు లేకపోయింది? ఈ ప్రశ్నలు ఇవాళ్టికి చాలా అవసరం. రుద్రమ మా కులం, రాయలు మా కులం అని కులసంఘాలు ఫ్లెక్సీలు కట్టే కాలంలో ఉన్నాం. రాతి మీద ఉన్నదంతా నిజం కాదని, అది కూడా ఎవరో ఒకరు ఏదో అవసరానికి చెప్పించిన మాటేనని పదో తరగతిలోనే తెలుసుకున్న పిల్ల ఆ ఫ్లెక్సీని చూసే తీరు వేరుగా ఉంటుంది.

లోపాల విషయంలోనూ ఇద్దరినీ ఒకే తక్కెడలో తూయాలి. వీరభద్రరావు పుస్తకంలో జాతి గౌరవం అనే ధ్యేయం ఆధారాల కన్నా ఒక అడుగు ముందు నడిచే చోట్లున్నాయి. పురాణాల పట్టికకు ఆయన ఇచ్చిన బరువును తర్వాతి పరిశోధకులు చాలా తగ్గించారు. అది ఆయన తప్పు అనలేం. జగ్గయ్యపేట శాసనాలతో పేరు మాత్రం తెలిసిన ఇక్ష్వాకుల అసలు వైభవం 1926లో నాగార్జునకొండ బయటపడ్డాక గానీ లోకానికి తెలియలేదు. అయితే రాజు, మంత్రి, కవి అనే మూడు స్థానాల కింద ఉన్నవాడు ఆయన చూపుకు దాదాపు ఆనడు. ‘తిమ్మరుసు మంత్రి’, ‘శ్రీనాథకవి జీవితము’ వంటి ఆయన ఇతర పుస్తకాల పేర్లు చూసినా ఆ చూపు ఎటో తెలుస్తుంది.

ప్రతాపరెడ్డి లోపం ఇంతకంటే సూక్ష్మమైనది. అందుకే విమర్శకులు దాన్ని తరచు క్షమించేశారు. కవి వర్ణనను ఆయన కొన్నిచోట్ల చూసినవాడి వాంగ్మూలంగా తీసుకున్నాడు. క్రీడాభిరామంలోని ఓరుగల్లు వీధులు, రూకకు భోజనం పెట్టే పూటకూళ్ల ఇల్లు చదువుతుంటే కాకతీయుల నగరంలో నడుస్తున్నట్టే ఉంటుంది. కానీ మనకు దొరికిన ఆ రచన ఓరుగల్లు పడిపోయిన చాలాకాలానికి వచ్చింది. పైగా రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ‘ప్రేమాభిరామం’ దానికి మూలం. అందులో కాకతీయుల కాలం ఎంత, కవి కాలం ఎంత, వీథి అనే నాటక ప్రక్రియ కోరిన హాస్యం ఎంత? ఈ మూడింటినీ విడదీయకుండా కాకతీయ యుగం చెప్పలేం. హంసవింశతి వంటి శృంగార కథా కావ్యం నుంచి సామాన్యుల నడతను ఊహించడంలోనూ ఇదే ప్రమాదం ఉంది. ఆయన పుస్తకంలో స్త్రీలు, కిందికులాలవారు కనిపిస్తారు. అయితే వాళ్లను చూసిన కన్ను కవిది. వాళ్లు తమ గురించి తాము చెప్పుకున్న మాట అందులో దాదాపు లేదు. ఆ పుస్తకం అచ్చయిన ఏడాదికి తెలంగాణ పల్లెల్లో రైతులు భూమి కోసం ఆయుధాలు పట్టి ఉన్నారు. చరిత్రను మాత్రం ఆయన ఇరవయ్యో శతాబ్ది ఆరంభం దగ్గరే ఆపేశాడు.

ఇంకొక మాట చెప్పాలి. రాజుల చరిత్ర మనకు అంత ముఖ్యం కాదని భావించిన ప్రతాపరెడ్డి తన అధ్యాయాలకు పెట్టిన పేర్లు చూడండి. తూర్పు చాళుక్యుల యుగం, కాకతీయుల యుగం, రెడ్డిరాజులు, విజయనగరం. జనం కూడు, గుడ్డ చెప్పడానికి కూడా ఆయనకు రాజుల వరుస కావలసివచ్చింది. ఆ వరుసను తెలుగు పాఠకుడికి అలవాటు చేసింది వీరభద్రరావు తరమే. తేదీ తెలియని ఆచారం జానపద కథలా తేలిపోతుంది. ఆచారం తెలియని తేదీ పరీక్ష అయిన సాయంత్రమే మరుపున పడుతుంది. 1948లో వచ్చిన మల్లంపల్లి సోమశేఖర శర్మ రెడ్డిరాజ్యాల చరిత్రలో ఈ రెండు దారులూ కలిశాయి. శాసనంతో కాలం కట్టి, అదే పుస్తకంలో పాలన, వర్తకం, సాహిత్యం, జనజీవనం చెప్పాడాయన. ఆయన లక్ష్మణరావు దగ్గర విజ్ఞానసర్వస్వం పనిలో తయారైనవాడని గుర్తుంచుకుంటే, ఈ రెండు ధోరణులూ ఒకదానికొకటి శత్రువులు కావని తెలుస్తుంది.

మరి మన బళ్లు ఈ రెండు పుస్తకాల నుంచి ఏం తీసుకున్నాయి? వీరభద్రరావు నుంచి రాజుల జాబితా తీసుకుని, ఆ జాబితాను నిర్ధారించడానికి ఆయన చేసిన వాదం వదిలేశాయి. ప్రతాపరెడ్డి నుంచి ‘సాంఘిక పరిస్థితులు’ అనే ఉపశీర్షిక తీసుకుని, దాని కింద ‘ప్రజలు సుఖసంతోషాలతో జీవించారు’ అనే వాక్యం పెట్టాయి. ఆ ప్రజలు ఎవరు, ఆ సుఖానికి ఆధారం ఏమిటని అడిగే చోటు పాఠంలో లేదు. ఖాళీలు పూరించడం, జతపరచడం, గైడులో గీత గీసిన జవాబు వల్లెవేయడం, పెద్దయ్యాక గ్రూప్స్ కోచింగులో అదే జాబితాను మరింత పొడుగ్గా బట్టీ పట్టడం. ఇద్దరు రచయితల ఫలితాలు బడికి చేరాయి. ఇద్దరి పనితనం బడి గేటు బయటే ఉండిపోయింది.

రుద్రమదేవి విషయమే తీసుకోండి. ఆమె 1290ల మధ్యదాకా ఏలిందని ఒకప్పుడు పుస్తకాల్లో రాశారు. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం ఆ లెక్కను మార్చింది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారని చెప్పి, వారి పుణ్యం కోసం చేసిన దానాన్ని పువ్వుల ముమ్మడి అనేవాడు అందులో చెక్కించాడు. మహారాణి మరణవార్త మనకు ఆస్థాన కవి నుంచి రాలేదు. ఒక చిన్న ఊళ్లో, పెద్ద పదవి లేని ఒక మనిషి వేయించిన రాయి నుంచి వచ్చింది. ఈ ఒక్క పాఠంలో వీరభద్రరావు కోరిన తేదీ ఉంది, ప్రతాపరెడ్డి వెతికిన సామాన్యుడూ ఉన్నాడు. పైగా కొత్త సాక్ష్యం దొరికితే పాత పుస్తకాన్ని దిద్దుకోవాలన్న నీతి ఉంది. సంవత్సరం ఒక్కటే రాయించుకుని మార్కులు వేస్తే ఈ మూడూ పోతాయి.

గతం ఇవాళ ఎందుకు అన్నవారికి సెప్టెంబర్ 17 చాలు. 1948లో ఆ రోజున నిజాం ప్రభుత్వం భారత సైన్యానికి లొంగిపోయింది. జరిగింది ఒకటే, దానికి పేర్లు మాత్రం పెరుగుతూ పోతున్నాయి. 2022లో కేంద్రం దాన్ని విమోచన దినమంది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. విలీనం అనేవారు, విద్రోహం అనేవారు వేరే ఉన్నారు. వీటిలో ఒక పేరును ఎంచి పుస్తకంలో అచ్చువేస్తే పిల్లలకు అందేది ప్రభుత్వ ప్రకటన. రైతుకూలీ, జాగీర్దారు, రజాకార్ల దాడికి గురైన ఊరు, సైనిక చర్య తర్వాత హింసకు గురైన ముస్లిం కుటుంబం, కమ్యూనిస్టు దళం, ఢిల్లీ ప్రభుత్వం ఆ రోజును ఎలా చూశాయో పక్కపక్కన పెట్టి చదివిస్తే అది చరిత్ర పాఠమవుతుంది. ఆ ఉద్రిక్తతల్లోనే బతికిన ప్రతాపరెడ్డి మధ్యయుగపు ముస్లిం పాలన గురించి రాసిన పేజీలను కూడా ఆయన కాలంతో కలిపి చదవాలి. ఆయన మీద గౌరవం దానివల్ల తగ్గదు. ఏ చరిత్రకారుడూ తన కాలం బయట నిలబడి రాయలేడని పిల్లలకు తెలుస్తుంది.

కనక నా తీర్పు ఇది. పుస్తకంగా చూస్తే ప్రతాపరెడ్డిదే పైచేయి. ఆయన అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ తాజాగా ఉన్నాయి, వీరభద్రరావు ఇచ్చిన జవాబుల్లో చాలా భాగం పాతబడింది. పద్ధతిగా చూస్తే ఒకరు లేక మరొకరు నిలవరు. కావ్యాన్ని శాసనంతో, శాసనాన్ని కావ్యంతో అడ్డు ప్రశ్న వేయడం వాళ్లిద్దరూ కలిసి మనకిచ్చిన అసలు ఆస్తి. పాఠ్యపుస్తకాలు రాసేవారు ప్రతి పాఠం చివర అభ్యాసాలకు ముందు ఒక్క పేజీ కేటాయించాలి. అందులో ఒక శాసన భాగాన్ని, అదే విషయం చెప్పే ఒక పద్యాన్నో యాత్రికుడి మాటనో పక్కపక్కన పెట్టి, ‘ఇద్దరిలో ఎవరిని నమ్ముతావు, ఎందుకు?’ అని అడగాలి. ఉపాధ్యాయులు అంతదాకా ఆగనక్కరలేదు. మీ ఊరి గుడిలోనో చెరువు గట్టునో ఒక శాసనం ఉండే ఉంటుంది. ఈ ఏడాది పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి.