పక్కనున్నవారి మాట: కుటుంబ చిత్రాలలో భయ శోక ఘట్టాలు, బాల ప్రేక్షకులు

వ్యాససంగ్రహం: కుటుంబమంతా కలిసి చూసే చలనచిత్రాలలోని భయ శోక ఘట్టాలు పిల్లలకు మేలు చేస్తాయా అన్న ప్రశ్నను ఈ వ్యాసం గోదావరి డెల్టాతో సంబంధమున్న కథలు, చిత్రాల ఆధారంగా పరిశీలిస్తుంది. 'భక్త ప్రహ్లాద' (1967), 'లవకుశ' (1963), 'అమ్మోరు' (1995) ప్రధాన ఆకరాలు. పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి కథ ఈ చర్చకు మొదలూ, కఠిన పరీక్షా కూడా. ఘట్టం తీవ్రత కంటే, దాని తర్వాత బిడ్డకు దొరికే ఊరడింపు నిజమైనదా కాదా అన్నదే మేలుకీడులను నిర్ణయిస్తుందన్నది ప్రతిపాదన.

కీలకపదాలు: బాల ప్రేక్షకులు, కరుణ రసం, భయానక రసం, లవకుశ, అమ్మోరు, పెనుగొండ, ఉత్తరరామచరితం.

ప్రవేశిక

పశ్చిమ గోదావరి జిల్లా పెనుగొండలో పెరిగే బిడ్డకు శోకాంత కథను సినిమా పరిచయం చేయనక్కరలేదు. నగరేశ్వరస్వామి, వాసవీ కన్యకాపరమేశ్వరి కొలువైన ఊరది. వైశాఖ శుద్ధ దశమి వాసవి జయంతి, మాఘ శుద్ధ విదియ ఆత్మార్పణ దినం. కుసుమశ్రేష్ఠి కూతురిని రాజు విష్ణువర్ధనుడు కోరడం, ఆమె ఒల్లననడం, చివరకు ఆమె, ఆమె పక్షాన నిలిచిన 102 గోత్రాలవారు అగ్నిగుండం చొరడం ఆ ఊరి పిల్లలకు ఊహ తెలిసేనాటికే తెలిసిన కథ. కథ అగ్నిగుండం దాకా వచ్చేసరికి పిల్లలను లేచి వెళ్ళమనే ఆచారం లేదు. ఒడిలో కూర్చోబెట్టుకునే చెబుతారు.

సినిమా దగ్గరకు వచ్చేసరికి మాత్రం అదే పెద్దలలో సంకోచం కనిపిస్తుంది. భయపెట్టే దృశ్యం రాగానే బిడ్డ కళ్ళు మూసేవారు కొందరు, ఏడుపు సన్నివేశం రాగానే 'ఇది ఉత్తుత్తిదేలే' అనేవారు కొందరు. ఈ సంకోచాన్ని చాదస్తమని కొట్టిపారేయడానికి వీల్లేదు. చెప్పిన కథలో రాక్షసుని కొలత వినేవాడి చేతిలో ఉంటుంది. తాను భరించగలిగినంత పెద్దవాడినే ఊహించుకుంటాడు. తెరమీద ఆ కొలత దర్శకుడి చేతిలో ఉంటుంది. బ్రూనో బెటల్‌హైమ్ 1976లో వెలువరించిన జానపద కథల అధ్యయనంలో క్రూరమైన కథలు పిల్లల అంతరంగ భయాలకు రూపమిచ్చి వాటిని దాటే దారి చూపుతాయని వాదించాడు. ఆ వాదాన్ని సినిమాకు యథాతథంగా వర్తింపజేసేవారు ఈ కొలత భేదాన్ని మరచిపోతుంటారు.

చిత్రదర్శనం, గర్భాంకం

బిడ్డకు ధైర్యం చెప్పే ఆ 'ఉత్తుత్తిదేలే' అన్న మాటకు మన సాహిత్యంలో చాలా పాత చరిత్ర ఉంది. భవభూతి 'ఉత్తరరామచరితం' ప్రథమాంకంలో లక్ష్మణుడు రామకథా చిత్రాలను సీతకు చూపిస్తాడు. శూర్పణఖ బొమ్మ దగ్గర సీత బెదిరిపోతుంది. అది బొమ్మేనని రాముడు ఆమెను తేరుస్తాడు. సప్తమాంకంలో పాత్రలు తారుమారవుతాయి. సీత కథనే నాటకంగా ఆడుతుంటే చూస్తున్న రాముడు నిజమనుకొని విలవిలలాడిపోతాడు. ఇది నాటకమని ఈసారి గుర్తుచేసేవాడు లక్ష్మణుడు.

ప్రేక్షకుడు బెదిరినప్పుడు పక్కనున్నవారు ఏమనాలన్న విషయమై ఇంతకంటే సూక్ష్మమైన పాఠం దొరకడం కష్టం. భవభూతి అక్కడితో ఆగలేదు. 'బొమ్మేలే' అని సీతను తేర్చిన రాముడే ఆ అంకం ముగిసేలోగా ఆమెను నిజంగా వదిలివేసే నిర్ణయం తీసుకుంటాడు. బొమ్మను చూసి సీత పడిన భయం అబద్ధం కాలేదు. ఊరడించిన మాటే నిలవలేదు. అభినవగుప్తుడు చెప్పిన సాధారణీకరణం, అంటే దుఃఖం ఫలానావారిదన్న ఎల్లలు తొలగి రసంగా మారడం, సంస్కారం గల సహృదయునికి సాధ్యం. ఐదారేళ్ళ బిడ్డలో ఆ సంస్కారం ఇంకా రూపుదిద్దుకుంటూ ఉంటుంది. కనుక ఆ వయసులో రసానుభవం సగం తెరమీద, సగం పక్కకుర్చీలో జరుగుతుంది.

స్తంభం చీలినప్పుడు

తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ఒక బాలుణ్ణి తండ్రే చంపబూనే కథ కావడం ఆలోచింపదగినది. తెలుగు తెర మాటలు నేర్చిందే పిల్లల భయంతో. అదే పేరుతో 1967లో వచ్చిన ఏవీఎం వారి చిత్రంలో రోజారమణి ప్రహ్లాదుడు, ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు. విషం, పాములు, ఏనుగులు, అగ్ని వరుసగా బాలునిమీదికి వస్తాయి.

చిన్నపిల్లలు రూపాన్ని చూసి భయపడతారనీ, పెరిగేకొద్దీ నిజంగా జరగగల ఆపదలకు భయపడతారనీ అమెరికాలో జొయాన్ కాంటర్ తదితరుల పరిశోధనలు చూపాయి. ఈ చిత్రంలో రెండు భయాలూ ఉన్నాయి. నాలుగేళ్ళ బిడ్డను బెదరగొట్టేది స్తంభం చీల్చుకొని వచ్చిన నరసింహుడు. పదేళ్ళ బిడ్డను కలవరపెట్టేది రంగారావు పాత్రలోని తండ్రి: ఒక క్షణం ముద్దు, మరుక్షణం ఆగ్రహం. అటువంటి తండ్రులు ఇళ్ళలోనూ ఉంటారని ఆ వయసుకు తెలుస్తుంది.

ఈ కథ పిల్లలకు తగినదయ్యేది భయానకం తగ్గినందువల్ల కాదు. భాగవత సప్తమ స్కంధంలో ఉగ్రనరసింహుని సమీపించడానికి దేవతలు జంకుతారు, లక్ష్మీదేవి సైతం వెనుకాడుతుంది. బ్రహ్మ ప్రహ్లాదుణ్ణే ముందుకు పంపుతాడు. అత్యంత భీకరమైన రూపాన్ని శాంతింపజేసే పని ఒక పిల్లవాడిదవుతుంది. చూస్తున్న బిడ్డకు ఇక్కడ దొరికేది 'భయపడకు' అన్న ఉపదేశం కాదు, భయం ఎదుట చేయదగిన ఒక పని. కథ ముందే తెలిసి ఉండడం మరో రక్షణ. స్తంభంలోంచి వచ్చేదెవరో, ఎవరి పక్షాన వస్తాడో ఆ బిడ్డ ఇంట్లోనో గుడిలోనో విని ఉంటాడు.

సీత వెళ్ళిపోయాక

'లవకుశ'లో సమస్య ఇంకా లోతైనది. కాకినాడకు చెందిన సి. పుల్లయ్యకు పిల్లలతో సినిమా తీయడం కొత్త కాదు. 1934లోనే ఒకసారి ఆయన ఈ కథను తీశారు. 1936లో బాలనటులతోనే 'సతీ అనసూయ', 'ధ్రువ విజయం' తీశారు. తండ్రి ఒడి దక్కని ధ్రువుడి అవమానం నుంచి తండ్రే ఎవరో తెలియని కవలల వరకు ఆయన బాల్యశోకాన్ని విడిచిపెట్టలేదనవచ్చు. ఆయన, కుమారుడు సి.ఎస్. రావు దర్శకత్వంలో 1963 మార్చి 29న విడుదలైన రంగుల 'లవకుశ'ను పల్లెలవారు బళ్ళు కట్టుకొని పిల్లాజెల్లాతో వచ్చి చూశారు. సీత పాత్రధారిణి అంజలీదేవిది పెద్దాపురం. ప్రహ్లాదుని తల్లి లీలావతిగానూ ఆమే నటించారు. ఒక తరం డెల్టా పిల్లలకు తెరమీద ఏడ్చే అమ్మ ముఖం ఆమెదే.

ఈ చిత్రంలో బాల ప్రేక్షకుడి స్థానం విశిష్టమైనది. కుశలవులు రామకథను గానం చేస్తారు గాని, ఆ కథలోని సీతే తమ తల్లి అని వారికి తెలియదు. చూస్తున్న బిడ్డకు తెలుసు. తెరమీది పిల్లలకంటే తనకు ఎక్కువ తెలియడం ఆ బిడ్డను జాలిపడే స్థానంలో నిలుపుతుంది. ఏడుపుకూ జాలికీ గల తేడా ఇదే: తన భయంతో ఏడ్చేవాడు తనలో ముడుచుకుపోతాడు, జాలిపడేవాడు ఇంకొకరివైపు వంగుతాడు.

భవభూతి చివరకు సీతారాములను కలిపాడు. సంస్కృత నాటక సంప్రదాయం అతనికి ఆ వెసులుబాటు ఇచ్చింది, లేదా ఆ నిర్బంధం పెట్టింది. పెద్దలు చూసే నాటకానికి సుఖాంతం కావలసివచ్చింది. ఇంటిల్లిపాదీ చూసే తెలుగు సినిమా మాత్రం ఉత్తరకాండనే అనుసరించి సీతను భూమిలోకి పంపింది. ఇది వింతగా తోచవచ్చు. పుల్లయ్య బృందం పిల్లలను తక్కువ అంచనా వేయలేదన్న వివరణే సరైనదిగా కనిపిస్తుంది.

పక్కనున్న పెద్దలు ఈ ఘట్టంలో సాధారణంగా 'అమ్మ వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది' అంటారు. మాట నిజమే. భూదేవి సీతకు తల్లి. సీతకు అది ఊరట. కుశలవులకు మాత్రం కాదు. తండ్రి దొరికిన రోజే తల్లి పోయింది. చిత్రం ఈ లెక్కను ఏ మాయతోనూ సరిచేయదు. బిడ్డ అడిగే తర్వాతి ప్రశ్న 'మరి రాముడు ఎందుకు వదిలేశాడు?' అన్నదైతే, దానికి తెరమీద సమాధానం లేదు, పక్కకుర్చీలో కూడా సిద్ధంగా ఉండదు. దేవుడిమీద కోపం తెచ్చుకునే అవకాశం పిల్లలకు భక్తిచిత్రమే ఇచ్చింది. ఈ చిత్రపు శోకం చేసిన మేలు ఏదైనా ఉంటే అది ఇక్కడుంది. 'తప్పు, అలా అడగకూడదు' అని ఆ నోరు నొక్కిన ఇంట్లో ఆ మేలు జరగదు.

ఏడుపు కోసం ఏడుపు

ప్రతి కన్నీటికీ ఈ గౌరవం ఇవ్వనక్కరలేదు. విమాన ప్రమాదం తర్వాత ఎడారిలో ఒంటరిగా మిగిలిన పిల్లవాడి కథ 'పాపం పసివాడు' (1972) ఆనాటి కుటుంబ ప్రేక్షకులను కదిలించింది. ఎడారి దృశ్యాల తెగువ మెచ్చదగినదే. బాలుని బాధను సాగదీసి, పెద్దల కన్నీళ్ళకు మేత వేసే ధోరణి మాత్రం దానిలో స్పష్టం. శీర్షికలోని 'పాపం' పెద్దల మాట. తనను తాను 'పాపం పసివాడు' అనుకునే పిల్లవాడు ఉండడు. తెలుగువారు అనువాద రూపంలో చూసిన మణిరత్నం 'అంజలి' (1990) దీనికి భిన్నం. బిడ్డ మరణాన్ని దాచని ఆ చిత్రం, ఆ మరణాన్ని తోడి పిల్లలు అర్థం చేసుకోలేకపోవడాన్ని కూడా దాచలేదు.

అమ్మోరు

పెనుగొండకు కూతవేటు దూరంలోని పాలకొల్లు కోడి రామకృష్ణ స్వస్థలం. ఆయన దర్శకత్వం వహించిన 'అమ్మోరు' కుటుంబాలు తరలివచ్చి చూసిన చిత్రం, పిల్లలను తీవ్రంగా భయపెట్టిన చిత్రం. క్షుద్రోపాసకుడు గోరఖ్‌గా రామిరెడ్డి రూపం, పతాక సన్నివేశంలో రమ్యకృష్ణ ఉగ్రరూపం కాంటర్ చెప్పిన తొలి రకం భయానికి చక్కని నిదర్శనాలు. గ్రామదేవత ఒక చిన్నపిల్ల రూపంలో భవాని ఇంటికి రావడం దర్శకుని సూక్ష్మబుద్ధికి గుర్తు. భయం పుట్టించే శక్తి బిడ్డ ఒడ్డూపొడుగుకు దిగివచ్చి, బిడ్డ పక్షాన నిలుస్తుంది. నరసింహుని ఎదుట ప్రహ్లాదుడు నిలిచిన చోటు ఇక్కడ మరో రీతిలో నిండింది.

చిత్రంలోని అసలు భయం మరొకటి. భవానిని హింసించేవారు కొంపలోని మనుషులు. గోరఖ్‌ను అమ్మోరు సంహరిస్తుంది. అత్తింటి హింసను చూసిన పదేళ్ళ బిడ్డ మాత్రం తన వీధిలో అటువంటి ఇంటికి ఏ అమ్మోరూ రాలేదని గమనించగలదు. ఊరడింపు సంపూర్ణమైనప్పుడు అది అబద్ధమయ్యే ప్రమాదం ఎక్కువ. ఈ దృష్టితో చూస్తే, గ్రాఫిక్స్ భయాలనుంచి చిన్నపిల్లలను కాపాడాలని తాపత్రయపడే పెద్దలు, పెద్దపిల్లలతో ఆ హింస గురించి ఒక్కమాటైనా మాట్లాడకపోవడం విచిత్రం.

చలనచిత్ర ధ్రువీకరణ చట్టానికి 2023లో చేసిన సవరణతో 'యూఏ' వర్గం ఏడు, పదమూడు, పదహారేళ్ళ మెట్లుగా విడిపోయింది. ఇవి నిషేధాలు కావు, తల్లిదండ్రులకు సూచనలు. వయసును బట్టి భయం స్వభావం మారుతుందన్న గుర్తింపు అందులో ఉంది. సూచన అందుకోవలసిన వ్యక్తి పక్కన లేకపోతే ఏమవుతుందన్నది చట్టం పరిధిలోనిది కాదు. నాటి హాలులో నరసింహుడు వచ్చినప్పుడు బిడ్డ ముఖం దాచుకోవడానికి అమ్మ కొంగు ఉండేది. చేతిలో ఫోను, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో అదే దృశ్యాన్ని చూసే బిడ్డకు మిగిలింది దాన్ని దాటవేసే మీట ఒక్కటే. దాటవేసిన భయం తీరినట్టు కాదు.

అగ్నిగుండం

వాసవి కథను పిల్లల కోసం తెరకెక్కించదలచినవారికి ఇదంతా అగ్నిపరీక్షే. ఆమె అగ్నిప్రవేశాన్ని దేవతావతార సమాప్తిగా చూపితే శోకం వెంటనే ఆరాధనగా మారిపోతుంది. బలిష్ఠుడు కోరినప్పుడు ఆడపిల్ల చేయవలసిన పని ఇదేనని చూస్తున్న ఆడపిల్లకు అర్థం కావచ్చు. మేలు సంగతి అటుంచి, అది కీడు. మంటలనే తొలగించి రాజు మనసు మారినట్టు చూపితే పెనుగొండ పిల్లలే ఒప్పుకోరు. వాళ్ళకు కథ తెలుసు.

మరో దారిని గురజాడ 'కన్యక' చూపింది. ఇంచుమించు ఇదే ఇతివృత్తంతో ఆయన రాసిన ఆ గేయంలో వేలు అధికారపు దౌష్ట్యంవైపే గాక, బిడ్డను కాపాడుకోలేకపోయిన తనవారివైపు కూడా తిరుగుతుంది. పాఠకునిలో మిగిలేది కన్నీరు మాత్రమే కాదు, సిగ్గు కూడా. పిల్లలకు ఆ సిగ్గు అంటదు, వారి తప్పేమీ లేదు కనుక. పక్కన కూర్చున్న పెద్దలకు అంటుతుంది. వాసవి మంటల దాకా ఎందుకు వెళ్ళవలసి వచ్చిందని, ఊళ్ళో పెద్దలంతా ఏం చేస్తున్నారని ఒడిలోని బిడ్డ అడిగినప్పుడు, 'బొమ్మేలే' అన్న రాముడి మాట అక్కడ చెల్లదు.