నఖశిల్పము: పోటీయు, వృత్తియు

ఆషాఢమాసము వచ్చినంతనే గోరింటాకు నూరి వ్రేళ్ళకొనలకు తొడుగుకొను తెలుగు స్త్రీలకు గోళ్ళు పండించుకొనుట కొత్త ముచ్చట కాదు. కాని ఆ గోటినే నిడుపు చేసి, వంపు తీర్చి, మెరుగు పెట్టి, గడియారము నెదుట నుంచుకొని న్యాయనిర్ణేతల పరీక్షకు నిలుపు పోటీలు కలవనియు, వానివలన నొక సౌందర్యశిల్పి జీవితగతియే మారగలదనియు వినినచో పలువురు విస్తుపోవుదురు. అమెరికా, ఇంగ్లాండు, జపాను మొదలగు దేశములలో వృత్తిప్రదర్శనలతోపాటు ఇట్టి పోటీలు చిరకాలముగా జరుగుచున్నవి. వానిలో గెలిచినవారికి దక్కు కప్పు కొందరికే. పాల్గొనిన ప్రతివారికిని దక్కగల సునిశితదృష్టి యొకటి కలదు. వృత్తిని తీర్చిదిద్దునది ప్రధానముగా నా దృష్టియే.

ఈ విద్యకు మూలపదార్థము దంతవైద్యశాలనుండి వచ్చినది. 1954లో ఫిలడెల్ఫియా నగరపు దంతవైద్యుడు ఫ్రెడరిక్ స్లాక్, తన గోరు విరిగినపుడు, పండ్లకు వాడు ఆక్రిలిక్కుతోనే దానికి అతుకు వేసికొనెనని ఈ వృత్తి చరిత్ర చెప్పుచున్నది. జుట్టు చాలనివారు సవరము పెట్టుకొన్నట్లు, గోరు చాలనివారు గోరు పెట్టించుకొను కాలము నాటినుండి మొదలయ్యెను. 1975లో నటి టిప్పి హెడ్రెన్ కాలిఫోర్నియాలోని శరణార్థి శిబిరమున ఇరువదిమంది వియత్నాము స్త్రీలకు గోళ్ళ పని నేర్పించి బ్రతుకుదెరువు చూపెను. అటుపిమ్మట అమెరికాలో ఆ వృత్తి వియత్నాము కుటుంబముల కులవిద్య యన్నంతగా వ్యాపించెను. అంగళ్ళు వీధికొకటి వెలసిన పిదప, తన పనితనము పొరుగు అంగడి పనితనమును మించినదని రుజువు చేసికొను మార్గము ప్రతి శిల్పికిని కావలసివచ్చును. అట్టి మార్గములలో పోటీ యొకటి.

పోటీలన్నిటికిని తలమానికము గులాబి, తెలుపు వన్నెలలో ఆక్రిలిక్కు గోళ్ళు కట్టుట. సుమారు రెండు, రెండున్నర గంటలలో పది గోళ్ళును ముగియవలెను. మొదట గోటి మొదలి పలుచని చర్మమును వెనుకకు నెట్టి, గోటిపై సహజమైన నిగనిగను ఆకురాయితో పోగొట్టి, తేమ లేకుండ తుడిచి, కొన క్రింద కాగితపు ఫారమును బిగింతురు. పిదప కుంచెను ఆక్రిలిక్కు ద్రవములో ముంచి, పాత్ర అంచున ఒత్తి, ఆక్రిలిక్కు పొడిలో ఒక గీత గీయగా కుంచెకొనను చిన్న బిందువు నిలుచును. తడి యెక్కువైనచో ఆ బిందువు చర్మము మీదికి పారును. పొడి యెక్కువైనచో పరచకమునుపే బిగిసిపోవును. కుంచె ద్రవమును ఎంత పీల్చినది, పొడిలో ఎంతసేపు నిలిచినది అను రెండు సంగతులను చేయి తనంతట తానెరుగునంతవరకు తక్కిన నేర్పు లేవియు అక్కరకు రావు.

తెల్లని బిందువుతో కొనను, గులాబి బిందువులతో నడుమను మొదలును కట్టుదురు. రెండు వన్నెలు కలియుచోట ఏర్పడు అర్ధచంద్రరేఖను ‘స్మైల్ లైను’ అందురు. ఆ రేఖ కత్తితో కోసినట్లు స్ఫుటముగా నుండి, దాని రెండు కొమ్ములును ఒకే యెత్తున నిలువవలెను. కుడిచేతివాటము గల శిల్పికి ప్రతి గోటికిని ఒక ప్రక్క అనుకూలముగను, మరియొక ప్రక్క ప్రతికూలముగను ఉండును. ఆ ప్రతికూలపు కొమ్మే తరచు క్రుంగుచుండును. గోటికి మిక్కిలి యెత్తైన భాగము బరువు పడుచోట ఉండి, అటునుండి మొదలివైపునకును కొనవైపునకును సన్నగిల్లవలెను. ఆక్రిలిక్కు సగము బిగిసిన తరుణమున ఇరుప్రక్కల ఒత్తి పట్టుటవలన, కొననుండి చూచువారికి ఇంగ్లీషు ‘సి’ అక్షరపు వంపు కనబడును. ఆ యంచు మందము బ్యాంకు కార్డు మందమును మించరాదు. తుదకు ముతక ఆకురాయినుండి సన్నని ఆకురాయికి క్రమముగా మారుచు మెరుగు పెట్టుదురు.

సమయము ముగిసిన తరువాత శిల్పి బయటనే నిలిచిపోవును. చేయినిచ్చిన మోడలు మాత్రము ఒక సంఖ్యతో న్యాయనిర్ణేతలయొద్దకు పోవును. వారు రేఖకు, వంపుకు, ప్రక్కగోడల సమాంతరతకు, పొడవుల పొందికకు, మెరుపునకు వేరువేరుగా మార్కులు వేయుదురు. గోటి అడుగున దుమ్ము మిగిలినను, చర్మమునకు ఆకురాయి గీచుకొనినను మార్కులు తగ్గును. కొన్ని పోటీలలో ఒక చేతికి ఎర్రని పాలిషు పూయవలెనను నియమము కలదు. చర్మముమీదికి జారిన ఎరుపు నెవ్వరును దాచలేరు గదా!

వృత్తికి పోటీ చేయు ఉపకార మిక్కడనే స్పష్టపడుచున్నది. పార్లరునకు వచ్చినవారు ‘బాగున్నది’ అని డబ్బు చెల్లించి వెళ్ళిపోవుదురే కాని, ఎడమచేతి ఉంగరపు వ్రేలిపై రేఖ ఒరిగినదని చెప్పరు. మార్కుల పత్రము చెప్పును. అనుభవమునుబట్టి పోటీదారులను తరగతులుగా విభజించుటచేత, కొత్తగా చేరినవారు తమవంటివారితోనే తలపడి తమ లోపమును ఎరుగగలుగుదురు. అభ్యాసముచే లోపములు తొలగిన కొలది పనిలో వేగము హెచ్చును, సవరణలు తగ్గును, వచ్చినవారు మరల వత్తురు. పేరు వచ్చినవారిని సామగ్రి కంపెనీలు శిక్షకులుగా పిలుచును. పత్రికల ఛాయాచిత్రములకును, నటీనటుల అలంకరణకును అవకాశములు తెరచుకొనును. అనుభవము పండినవారు న్యాయనిర్ణేతల పీఠమును అధిష్ఠింతురు. జపానులో 1985లో ఏర్పడిన నెయిలిస్టు సంఘము పోటీలు నడపుచుండగా, 1997నుండి మూడు అంచెల నైపుణ్యపరీక్షయు జరుగుచున్నది.

అయినను పోటీగోరు నిత్యజీవితపు గోరు కాదు. కార్డువలె పలుచనైన ఆ యంచు అంట్లు తోముటకు నిలువదు. మరికొన్ని పోటీలలో కథావస్తువు ననుసరించి వేషభూషలతో ప్రదర్శించు అద్భుతకల్పనలు వేదిక దిగిన తోడనే తీసివేయవలసినవే. వినోదమును వృత్తి యని భ్రమించి, సామగ్రికిని ప్రయాణములకును ఉన్నదంతయు ధారపోయుట వివేకము కాదు. పదార్థజ్ఞానము అంతకంటె ముఖ్యము: మిథైల్ మెథాక్రిలేటు ద్రవముచే గోళ్ళకు హాని కలిగినందున అమెరికా ప్రభుత్వసంస్థ 1970ల దశకముననే దానిపై చర్య తీసికొనెను, నేడు మంచి శిల్పులు ఇథైల్ మెథాక్రిలేటునే వాడుదురు. చౌక యని సీసాపై పేరు చూడనివాడు ఎన్ని పతకములు తెచ్చినను నమ్మదగినవాడు కాడు.

మన యువతకును ఈ దారి మూసికొనిపోలేదు. రెండేండ్లకొకమారు జరుగు వరల్డ్‌స్కిల్స్ పోటీలలో సౌందర్యసేవ యొక విభాగము. గోళ్ళ పని అందులో నొక భాగము. ఇండియాస్కిల్స్ పోటీలే అచటికి మెట్లు. హైదరాబాదులోనో విజయవాడలోనో పార్లరు పని నేర్చుకొనుచున్న పిల్ల అట్టి పోటీకి పోయి రిక్తహస్తములతో తిరిగివచ్చినను నష్టము లేదు. తనకు మార్కులు తగ్గినదెచ్చట, ఎందువలన అని న్యాయనిర్ణేతల నడిగి తెలిసికొని, ఆ యొక్క లోపమును రాబోవు పోటీ నాటికి తీర్చుకొనగలిగినచో, ఆ పోటీ కయిన వ్యయము ఆమెకు వృత్తిలో పెట్టిన పెట్టుబడియే యగును.