తివాచీ ముడిలో పిక్సెల్‌ను వెదకిన గ్రంథం

లారా మార్క్స్ 2010లో వెలువరించిన ‘ఎన్‌ఫోల్డ్‌మెంట్ అండ్ ఇన్ఫినిటీ’ అనే ఆంగ్ల గ్రంథం ముస్లిం పాఠకునికి సంతోషం కలిగించేదే. కంప్యూటరు తెరపై వెలసిన నవ్య మాధ్యమ కళకు ఇస్లామీయ కళ పూర్వజురాలని దాని వాదం. అల్గారిథమ్ అనే మాటలో బగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు దాగి ఉన్నదని చాలామంది ఎరుగుదురు. గ్రంథకర్త్రి అంతటితో ఆగలేదు. పిక్సెల్ పుట్టుకను 1000 నాటి బగ్దాదులోనూ, కృత్రిమ జీవానికి బీజాలను 1700 నాటి కరబాగ్‌లోనూ చూపారు. సంతోషపెట్టే వాదాన్ని మరింత నిశితంగా పరీక్షించవలసి ఉంటుంది.

ఆ పరీక్షకు కరబాగ్ దాకా పోనక్కరలేదు, ఏలూరు చాలు. పారశీకం నుండి వచ్చిన నేతగాండ్ర సంతతి తంగెళ్లమూడి ప్రాంతంలో తివాచీ పనిని నిలుపుకొన్నదని సంప్రదాయం. 1851 నాటి లండన్ మహాప్రదర్శనలో ఏలూరు తివాచీలు ప్రదర్శింపబడ్డాయి. పడుగుపై ఒక్కొక్క ఉన్ని ముడినే వేసుకుంటూ పోతారు. దగ్గరగా చూస్తే రంగు చుక్కలు, దూరంగా చూస్తే పూలతోట. కాశ్మీరులోనైతే ఏ రంగు ముడులు ఎన్ని వేయాలో ‘తాలీమ్’ అనే సంకేతలిపిలో రాసి ఇస్తారు. లెవ్ మనోవిచ్ 2001లో నవ్య మాధ్యమానికి చెప్పిన లక్షణాలలో మొదటి రెండూ, అనగా అంకెలలోకి మారడం, విడి భాగాల కూర్పు కావడం, తివాచీలో ఎప్పటినుండో ఉన్నవే. ఇంతవరకు మార్క్స్ వాదం నిలుస్తుంది.

చిక్కు ఆ తరువాత వస్తుంది. జగత్తు అవిభాజ్య కణాలమయమనీ, వాటి గుణాలు రెండు క్షణాలైనా నిలువవనీ, అల్లాహ్ వాటిని క్షణక్షణమూ తిరిగి సృజిస్తాడనీ అష్అరీ కలామ్ పండితులు బోధించారు. దీనిని పిక్సెల్‌తో పోల్చడం చక్కని ఊహ. తెరమీది చుక్క కూడా సెకనుకు సాధారణంగా 60 సార్లు తిరిగి గీయబడుతుంది. కరెంటు పోతే బొమ్మ లేదు. తివాచీ ముడి సంగతి అలా కాదు. ఒకసారి వేసిన ముడి, వేసినవాడు గతించినా అక్కడే ఉంటుంది. కాబట్టి కణవాదాన్నీ తివాచీనీ కలిపి పిక్సెల్‌కు తాతలుగా కూర్చోబెట్టడం పొసగదు. పోలిక వేరు, వంశం వేరు. ఇస్నాద్‌లో రావీ ఒక్కడు లోపించినా పట్టుకునే హదీసు విద్య ఎరిగిన పాఠకుడు ఇక్కడ కూడా గొలుసు అడుగుతాడు. అల్ ఖ్వారిజ్మీ గణితం పన్నెండవ శతాబ్దపు లాటిన్ అనువాదాల ద్వారా యూరపు చేరింది. అది గట్టి లంకె. తివాచీకీ తెరకూ నడుమ అంత గట్టి లంకె లేదు.

మరి నిజంగా కొత్తది ఏది? కొల్లేరు వైపు చూడాలి. ఉపగ్రహ చిత్రంలో అక్కడి చేపల చెరువులు తివాచీ గళ్లవలెనే కనబడతాయి. ఆ బొమ్మను ఏ చేయీ గీయలేదు. కొద్ది రోజులకే అది మళ్లీ వస్తుంది, పాతదానితో సరిపోల్చుకోవచ్చు. సరస్సు ఎంత మేర చెరువులైనదో పరిశోధకులు లెక్కగట్టినది ఇటువంటి చిత్రాలనుండే. 1999లో +5 కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటింపబడిన ఆ ప్రాంతంలో 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేర చెరువు గట్లు తెగగొట్టారు. లంక గ్రామాల వారి బ్రతుకు, వారు గీయని, అడగని బొమ్మలో లెక్కకు వచ్చింది. మార్క్స్ బొమ్మకూ అనంతానికీ నడుమ ‘సమాచారం’ అనే పొరను చెబుతారు. ఆ పొర మనిషి కూటిని తాకే తీరు తివాచీ ఎరుగనిది. గ్రంథంలో సౌందర్య చర్చ పాలే హెచ్చు.

ఏలూరు నమూనాల పేర్లు కూడా గమనార్హం: రామచంద్ర ఖానీ, గోపాలరావు ఖానీ, హాషింఖానీ. తెలుగు పేరుకు పారశీక ప్రత్యయం! అడిగినవాని పేరు నమూనాలోనే నిలిచింది. 2015లో తాడేపల్లిగూడెంలో నెలకొన్న ఎన్.ఐ.టి. విద్యార్థి తలచుకుంటే అదే నమూనాను వేయి రంగులలో తెరపై పుట్టించగలడు. ఎన్ని ప్రతులైనా అదనపు ఖర్చు ఉండదు, అడిగినవాని పేరూ అక్కరలేదు. తంగెళ్లమూడిలో మాత్రం మగ్గాలు తగ్గుతూ వచ్చాయి. పిక్సెల్‌కు తాత అన్న బిరుదుతో ఉన్ని కొనలేరు కదా!

గ్రంథం తెలుగులోకి రావలసినదే. ఉపశీర్షికలోని ‘జీనియాలజీ’ అనే మాటకు అనువాదకులు ‘వంశావళి’ అని కాక ‘పోలికల చరిత్ర’ అని రాస్తే, అందులో దొరికేదేమిటో పాఠకునికి ముందుగానే తెలుస్తుంది.