రెండు గుమ్మముల నడుమ నిలిచిన కవి
(జాషువాగారి ‘గబ్బిలము’ — ఒక పరిశీలన)



“లోకులు పలుగాకులు” అని మన సామెత. పొరుగువానికి నింద కలిగినప్పుడు ఈ సామెత మన నోట సులువుగా వచ్చును. ఆ కాకి మన తలమీదనే వ్రాలినప్పుడు మాత్రము సామెత మరచిపోయి, రాత్రియెల్ల నిద్ర పట్టక, ఎవరో అన్న ఒక్క మాటనే త్రిప్పి త్రిప్పి తలంచుకొందుము.

ఖమ్మమునకు ఆనుకొని యున్న మా ఖానాపురం హవేలిలో నేనెరిగిన యువకుడొకడు కలడు. చక్కని గొంతు, పాట కట్టగల నేర్పు రెండును అతనికి ఉన్నవి. ఒక క్రిస్మసు పండుగకు తాను కట్టిన పాటను తానే పాడెను. ఆరాధన ముగిసి అందరును బయటికి వచ్చుచుండగా ఎవరో ఒకరు, “వీని పాటతో పండుగే చెడినది” అని నవ్విరి. అంతే. ఆ పిమ్మట అతడు మరి పాడలేదు. “ఏమి బాబూ, పాట మానితివి?” అని నేనడుగగా, “నలుగురు నవ్వే పని నాకెందుకండీ?” అనెను. నవ్వినవాడు ఒక్కడే. అతని నొచ్చిన మనస్సు ఆ ఒక్కనిని నలుగురుగా లెక్కించినది.

నేను అతనికి ఉపదేశమేమియు చేయలేదు. నా పెట్టెలో నున్న ‘గబ్బిలము’ పుస్తకము తీసి చేతికిచ్చితిని. ఎందుకిచ్చితినో నీకును చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గుఱ్ఱం జాషువాగారు 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించిరి. తలిదండ్రులు వేరు వేరు కులములవారు. ఇల్లు క్రైస్తవ గృహము. 1971 జూలై 24వ తేదీన గుంటూరులో కన్నుమూసిరి. ఈ రెండు తేదీల నడుమ ఆయన విన్న నిందలు ఒక దిక్కునుండి వచ్చినవి కావు. వినుకొండలో ఒక అవధాన సభలో ఆయన పద్యములు చదివినప్పుడు, ఈ కులమువానిని సభలోనికి ఎవరు రానిచ్చిరని కొందరు అవమానించిరి. మరియొక దిక్కున, క్రైస్తవుడై యుండి హిందూ పురాణ కథలను కావ్యములుగా వ్రాయుచున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయనను సమాజమునుండి వెలివేసిరి. పండితులు, “పద్యము నీకెందుకు?” అనిరి. మనవారు, “పురాణము నీకెందుకు?” అనిరి. ఒక గుమ్మము లోనికి రానీయలేదు. మరియొక గుమ్మము బయటికి నెట్టినది. రెండు గుమ్మముల నడుమ వీధిలో నిలిచిన మనుష్యుడు వ్రాసిన గ్రంథము గనుకనే ‘గబ్బిలము’ను మనము శ్రద్ధతో చదువవలెను.

ఈ కావ్యము 1941లో వెలువడెను. అప్పటికి కవికి నలువది యారేండ్లు. కథ చిన్నది. దక్షిణాదిని తంజావూరు ప్రాంతమున చెప్పులు కుట్టు కులమువాడొకడు ఆకలితోను అవమానముతోను బ్రతుకుచుండును. ఒక రాత్రి అతని గుడిసెలోనికి గబ్బిలము వచ్చును. కాశిలో నున్న శివునికి తన మొర వినిపించుమని అతడు దానిని వేడుకొనును. అది పోవలసిన దారి చెప్పును. ఏమి చెప్పవలెనో చెప్పును. అంతకు మించి కథ లేదు.

చదివినవారికి వెంటనే కాళిదాసు మేఘసందేశము జ్ఞాపకమునకు వచ్చును. జాషువాగారు ఆ కావ్యమును జూపూడి హనుమచ్ఛాస్త్రిగారియొద్ద చదువుకొనిరి. ఇది మరువరాని సంగతి. ఒక పండితుడు వెళ్లగొట్టిన చోట మరియొక పండితుడు కూర్చుండబెట్టి చదువు చెప్పెను. నిందపడినవాడు లోకమంతయు తనకు శత్రువే యని తలంచును. అది నింద చేయు రెండవ హాని. జాషువాగారు ఆ హానికి లోబడలేదు. తనకు దొరికిన గురువును గురువుగానే పుచ్చుకొని, ఆయన నేర్పిన కావ్యమునే అచ్చుగా తీసికొని, అందులో తన బ్రతుకు పోసిరి.

అచ్చు ఒకటే యైనను లోపలి లోహము వేరు. మేఘసందేశములోని యక్షునికి కుబేరుడిచ్చిన శాపము ఒక్క సంవత్సరము. దినములు లెక్కించుకొన్నచో అది తీరిపోవును. గబ్బిలము నాయకుని శాపమునకు గడువు లేదు. అది వానికిని, వాని తండ్రికిని, పుట్టబోవు బిడ్డకును ఉన్నది. యక్షుడు భార్యకు ప్రేమ కబురు పంపెను. వీడు దేవునికి ఫిర్యాదు పంపెను. యక్షునికి ఆకాశమున తేలు అందమైన మేఘము దొరకినది. వీనికి గబ్బిలము దొరకినది.

చదువరీ, ఇక్కడ కొంచెము ఆగుము. గబ్బిలము ఎటువంటి ప్రాణి? ఇంట దూరినచో అశుభమని మనవారు చీపురుతో తరుముదురు. పక్షుల లెక్కలో చేరదు, జంతువుల లెక్కలోను కుదురుగా నిలువదు. మా ఇంటి వెనుక చింతచెట్టున సాయంకాలమున అవి వ్రేలాడుచుండగా పిల్లలు రాళ్లు రువ్వుదురు. ఇట్టి అపకీర్తి పొందిన ప్రాణిని కవి తన దూతగా ఎన్నుకొనెను. ఎందుకు? మనుష్యుడు పోలేని గర్భగుడిలోనికి అది పోగలదు. అక్కడ దేవుని చెవి దగ్గరనే తలక్రిందులుగా వ్రేలాడగలదు. పూజారి లేని సమయము చూచి నా మాట చెప్పుమని ఆ పేదవాడు దానిని కోరును. ఈ ఒక్క ఊహలో కావ్యమంతయు ఉన్నది. గుడి కట్టినవారి చట్టములో మనుష్యుడు గబ్బిలముకంటె తక్కువ యని చెప్పుటకు ఇంతకంటె పదునైన మాట దొరకదు. ఇందులో తిట్టు లేదు, వాదము లేదు, ఉన్న సంగతి చెప్పుటయే.

ఇంకొకటి గమనింపుము. ఆ పేదవాడు తనను నిందించినవారితో మాటలాడుట లేదు. కావ్యమంతటిలో అతని ముఖము వారి వైపు తిరుగలేదు. మనము నిందపడినప్పుడు చేయునదేమి? నిందించినవానినే న్యాయాధిపతిగా కూర్చుండబెట్టి, “నేను అట్టివాడను కాను, అట్టివాడను కాను” అని వాని యెదుట ప్రమాణములు చేయుదుము. వాడు ఒప్పుకొనునంతవరకు మనకు శాంతి లేదు. వాడు ఎన్నటికిని ఒప్పుకొనడు. జాషువాగారి నాయకుడు న్యాయస్థానమునే మార్చివేసెను. తన వ్యాజ్యెమును చిన్న కచ్చేరినుండి పెద్ద కచ్చేరికి తీసికొనిపోయెను.

ఈ మార్గము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న భద్రాద్రి గుడి నిమిత్తము ప్రభుత్వ ధనము వాడి, గోలకొండ చెరసాలలో ఏండ్ల తరబడి ఉండెను. ఒక కీర్తనలో అతడు తాను చేయించిన నగల లెక్కలు ఒక్కొక్కటే చెప్పి, తాను కొలిచిన దేవునినే నిలదీసి, ఆ వెంటనే దెబ్బల బాధకు అట్లంటినని క్షమాపణ వేడెను. మన దావీదు కీర్తనలలోను మొరపెట్టుకొనునవి అనేకములు. మొర అవిశ్వాసము కాదు. వినువాడొకడు ఉన్నాడని నమ్మినవాడే మొరపెట్టును.

కావ్యములో లోపము లేదా? ఉన్నది, చెప్పకపోయిన యెడల ఇది విమర్శ కాదు, పొగడ్త యగును. గబ్బిలమునకు దారి చెప్పునప్పుడు కవి ఊళ్లను, కోటలను, పూర్వ రాజుల వైభవమును వర్ణించుచు చాలదూరము పోవును. ఆ పద్యముల సొంపులో ఆకలిగొన్న మనుష్యుడు కొంతసేపు కనబడకుండ పోవును. చెప్పులు కుట్టువాని గొంతు తగ్గి, సభలో పద్యము చదువు కవి గొంతు హెచ్చును. నేను మొదటిసారి చదివినప్పుడు ఈ భాగము నాకు విసుగు కలిగించినది.

తరువాత ఆలోచింపగా మరియొకటి తోచినది. “ఈ దేశములో నీకు భాగము లేదు” అని చెప్పబడినవాడే ఈ దేశపు నదులను, కొండలను, కవులను, శిల్పములను తన సొత్తువలె వేలు చూపి వర్ణించుచున్నాడు. గుడిలోనికి రానీయనివారు గుడి అందమును ప్రేమించు హక్కును అతని యొద్దనుండి తీసికొనలేకపోయిరి. నిందలో మిక్కిలి హానికరమైన భాగము ఇదే: మనలను తృణీకరించినవారిమీది కోపముతో మనము ప్రేమించినదానిని కూడ విడిచిపెట్టుదుము. మా యువకుడు పాటను విడిచినట్లు. జాషువాగారు విడువలేదు. కనుక ఆ వర్ణనలు కావ్యమునకు బరువైనను, కవి హృదయమునకు సాక్ష్యములు.

ఆయన ఈ స్థితికి ఒక్క దినమున రాలేదు. 1932లో వెలువడిన ‘పిరదౌసి’ చదివి చూడుము. పద్యమునకు ఒక బంగారు నాణెము చొప్పున ఇత్తునని గజినీ మహమ్మదు మాట యిచ్చి, గ్రంథము పూర్తియైన పిమ్మట వెండి పంపెను. పారశీక కవి గుండె పగిలెను. రాజునకు వెరచి కుటుంబముతో అడవుల పాలయ్యెను. కడకు రాజు పశ్చాత్తాపపడి బంగారము పంపగా, అది వచ్చునప్పటికి కవి ప్రాణము లేదు. ఆ కావ్యము మనలను కంట తడి పెట్టించును. కాని ఆ కవి జీవితము ఒక్క మనుష్యుని మెప్పుమీద ఆనుకొనియున్నది. ఆ స్తంభము కదలగానే ఇల్లు కూలినది. తొమ్మిదేండ్ల తరువాత వచ్చిన గబ్బిలములో నాయకుడు పిరదౌసికంటె వేయిరెట్లు పేదవాడు. అతనికి వాగ్దానము చేసిన రాజే లేడు. అయినను అతడు కూలలేదు. రెండు పుస్తకములను ప్రక్క ప్రక్కన పెట్టి చదివినచో కవి ఎంత దూరము నడిచెనో తెలియును.

దీనివలన ఆయనకు నొప్పి తెలియకుండ పోయెనని తలంపకుము. తన కవిత్వము విని మెచ్చుకొనినవారే, కులము తెలిసికొనినంతనే లేచిపోవుదురనియు, అప్పుడు గుండెలో బాకు దిగినట్లుండుననియు ఆయనయే ఒక పద్యమున చెప్పిరి. చర్మము మొద్దుబారుట ఓర్పు కాదు. మొద్దుబారినవాడు పద్యము వ్రాయలేడు, పొరుగువాని కన్నీరు చూడలేడు. తనకు ఇద్దరు గురువులనియు, ఒకటి పేదరికము, రెండవది కులమత భేదమనియు, మొదటిది సహనము నేర్పగా రెండవది ఎదిరించు శక్తిని నేర్పినదనియు ఆయన చెప్పుకొనిరి. ఈ రెండును కలిసియుండవలెను. ఎదిరింపులేని సహనము బానిసత్వమగును; సహనములేని ఎదిరింపు జగడమగును. మన ప్రభువునందు ఈ రెండును చూడుము. హేరోదు యెదుట ఆయన నోరు తెరువలేదు. ప్రధానయాజకుని యింట బంట్రోతు చెంపమీద కొట్టినప్పుడు మాత్రము, ఎందుకు కొట్టితివని అడిగెను. ఎక్కడ మౌనము, ఎక్కడ ప్రశ్న అనునది తెలియుటయే వివేకము.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పవలెను. నా యౌవనములో ఒక కూడికలో గబ్బిలములోని పద్యములు కొన్ని చదివితిని. పెద్దలలో ఒకరు లేచి, శివుని పేరున్న పద్యములు ఇక్కడ ఎందుకని అందరి యెదుట నన్ను కూర్చుండబెట్టిరి. ఆరు నెలలు ఆయనతో నేను సరిగా మాటలాడలేదు. చాలకాలమునకు నాకు రెండు సంగతులు తెలిసినవి. ఒకటి, ఆ పెద్దగారి మాటలో కొంత న్యాయమున్నది: ఆ పద్యములను ఎందుకు చదువుచున్నానో నేను ముందుగా చెప్పలేదు. రెండు, ఆయన వెరపులో న్యాయము లేదు: తెలుగు రాగములలో కట్టిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను తరతరములుగా పాడుకొను మనము, తెలుగు కావ్యమును చూచి వెరువనేల? విమర్శను రెండుగా చీల్చి, గింజను ఉంచుకొని పొట్టును ఊదివేయుట ఆనాడు నాకు తెలియదు. మొత్తము మ్రింగి బాధపడితిని.

జాషువాగారు తనను వెలివేసిన సమాజమునకు ఏమి బదులిచ్చిరి? ‘క్రీస్తు చరిత్ర’ను ప్రకటించిరి. పద్యము నీకెందుకన్నవారి పద్యములోనే, పురాణము నీకెందుకన్నవారి ప్రభువును గూర్చి వ్రాసిరి. ఒక్క గ్రంథముతో రెండు గుమ్మములకును సమాధానము దొరకినది. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. అంతకు చాల ముందే, మహాపండితులైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తమ చేతులతో ఆయన పాదమునకు గండపెండేరము తొడిగిరి. 1970లో పద్మభూషణ బిరుదము వచ్చెను. ఈ గౌరవములు వచ్చినవి గనుక ఆయన ఓర్చుకొనిరని అనరాదు. ఇవేవియు రాకముందే, వచ్చునను ఆశయు లేనప్పుడే ఆయన వ్రాయుచుండిరి.

కనుక, చదువరీ, నిన్ను ఎవరైన ఒక మాట అనినప్పుడు మూడు సంగతులు అడిగి చూడుము. ఆ మాట నా పనిని గూర్చినదా, నా పుట్టుకను గూర్చినదా? పనిని గూర్చినదైతే, అన్నవాడు పగవాడైనను వినుము. పుట్టుకను గూర్చినదైతే, అన్నవాడు పెద్దవాడైనను పుచ్చుకొనకుము. నా వ్యాజ్యెమును ఏ కచ్చేరిలో పెట్టితిని? ఈ కోపములో నేను ప్రేమించినదానిని విడిచిపెట్టుచున్నానా?

మరియొక ప్రశ్న కూడ ఉన్నది, అది కఠినమైనది. జాషువాగారిని బాధించిన రెండు గుమ్మములలో ఒకటి మనదే. మనము నిందపడువారము మాత్రమే కాము, నిందించువారము కూడ. ఈ ఆదివారము ఆరాధన ముగిసి మెట్లు దిగునప్పుడు మన నోట ఏ మాట వచ్చునో, అది ఎవరి పాటను ఆపివేయునో, కొంచెము తలంచుకొందము.

మా యువకుడు పుస్తకము ఇంకను తిరిగి ఇయ్యలేదు. నేను అడుగలేదు. మొన్న సాయంకాలము గబ్బిలములు చింతచెట్టు విడిచి ఎగిరిపోవు వేళ, వాని ఇంటి ముందుగా వచ్చుచుండగా లోపల సన్నగా కూనిరాగము వినబడినది. నేను ఆగక నడిచి వచ్చితిని. ఎవరో వినుచున్నారని వానికి తెలియకుండుటయే మంచిదని తోచినది.